మంచునేలపై ముందుచూపు

తెలుగునాట పుష్యమాసపు చలిని గొప్పగా చెప్పుకొందురు. ఆ చలికి ఒక కంబళియు, వాకిట ఒక నెగడును చాలును. ప్రొద్దెక్కినకొలది మంచు విడిపోవును. కాని కంబళికి లొంగని చలి గల ప్రదేశములు భూమిపై అనేకములు కలవు. అచ్చట ఊపిరి విడిచిన తోడనే మీసములపై మంచు పేరుకొనును. చేతితొడుగు తీసి కొంతసేపున్నచో వ్రేళ్లు తెల్లబడి మొద్దుబాఱును. ఇంకను జాగు చేసినచో ఆ భాగము చచ్చిపోవును.

అట్టి చోట బాటసారికి చలి ఒక్కటియే శత్రువు కాదు. గాలి ఒంటి వేడిని హరించును. చెమటచేతనో మంచుచేతనో తడిసిన బట్ట ఒంటిపైననే గడ్డకట్టును. ఆకలిగొన్న దేహము తగినంత వేడిని పుట్టింపజాలదు. దారి తప్పినవానిపై ఇవి యన్నియు ఒక్కసారిగా వచ్చి పడును. అప్పుడు ఉపాయము వెదకుట ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట వంటిది. మంచుదేశపు ప్రయాణమున క్షేమమును ఇంటియొద్దనే సమకూర్చుకొనవలెను. ఈ సత్యమును నార్వే దేశీయుడగు రోఆల్డ్ అముండ్‌సెన్ చేసిన దక్షిణధ్రువయాత్ర చక్కగా విశదపఱచుచున్నది.

దక్షిణధ్రువము అంటార్కిటికా ఖండమందున్నది. ఆ ఖండమున నూటికి 98 పాళ్లు మంచు కప్పియున్నది. 1983 జూలై 21వ తేదీన అచ్చటి వోస్తోక్ అను పరిశోధనకేంద్రమున సున్నకు దిగువ 89.2 సెల్సియస్ డిగ్రీల చలి నమోదయ్యెను. భూతలముపై పరికరములతో కొలిచిన చలులలో అంతకు మించినది లేదు. అచ్చటి ఋతువులు మన ఋతువులకు వ్యతిరేకములు. మనకు జ్యేష్ఠాషాఢములు సాగునపుడు అచ్చట నడిశీతకాలము. మన ముంగిళ్లలో సంక్రాంతి ముగ్గులు వేయునపుడు అచ్చట వేసవి. శీతకాలమున నెలల తరబడి సూర్యుడు కానరాడు. వేసవియందు సూర్యుడు అస్తమింపకున్నను ఖండము నడుమ మంచు కరగదు.

అముండ్‌సెన్ 1872వ సంవత్సరమున జన్మించెను. ధ్రువయాత్రికుడు కావలెనని బాల్యమునుండియు ఆతని కోరిక. చలికి దేహమును అలవాటు చేయుటకై శీతకాలపు రాత్రులయందును ఆతడు కిటికీలు తెఱచి నిదురించెడివాడు. కాని దేహబలము ఒక్కటియే చాలదని 1896వ సంవత్సరమున ఆతనికి తెలిసివచ్చెను. ఆ యేటి జనవరిలో ఆతడు తన సోదరునితో గూడి నార్వేలోని హార్డంగర్ పీఠభూమిని దాటబోయెను. స్కీలు అనగా మంచుపై జారుటకు పాదములకు కట్టుకొను పొడవైన పలకలు. వానిపై కొలది దినములలో ఆవలికి చేరుదుమని తలచి వారు గుడారము తీసికొనిపోలేదు. ఆహారమును కొంచెముగనే తీసికొనిరి. నడుమ మంచుతుపాను క్రమ్మెను, దారి తప్పెను, ఆహారము లేకపోయెను. ఒక రాత్రి అముండ్‌సెన్ మంచులో బొఱియ చేసికొని అందు పరుండెను. తెల్లవాఱునప్పటికి ఆ బొఱియ గడ్డకట్టి మూసికొనిపోయి, కాలుసేతులు కదల్ప వీలు కాకుండెను. సోదరుడు మంచును త్రవ్వి ఆతనిని వెలికి దీసెను. ఒక్క గుడారము లేని లోపము ఒక ప్రాణమును తీయబోయెనని ఆ యువకుడు గ్రహించెను.

ఆ మఱుసటి యేడు అముండ్‌సెన్ ‘బెల్జికా’ యను ఓడపై అంటార్కిటికాకు పోయెను. ఆ ఓడ సముద్రపు మంచులో చిక్కుకొని 1898వ సంవత్సరపు శీతకాలమంతయు అచ్చటనే నిలిచిపోయెను. ఓడలోనివారికి స్కర్వీ యను రోగము సోకెను. చిగుళ్లు వాచి నెత్తురు కారుట, కాళ్లు బలహీనమగుట దాని లక్షణములు. తాజా ఆహారమునందలి ‘సి’ విటమిను కొఱవడుటయే ఈ రోగమునకు కారణము. ఆ విటమిను 1930వ దశకమున గాని గుర్తింపబడలేదు. ఓడలోని వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ మాత్రము అనుభవముచేత, సీలు జంతువుల యొక్కయు పెంగ్విన్ పక్షుల యొక్కయు తాజామాంసమును తినుడని అందఱను ఒత్తిడి చేసెను. తినినవారు కోలుకొనిరి. డబ్బాలలోని తిండిని మాత్రమే నమ్మి మంచుదేశమున నిలువరాదని అముండ్‌సెన్ అచ్చట నేర్చెను.

ఆతని మూడవ గురుకులము ఉత్తర అమెరికా అంచున నున్న మంచుదీవి. 1903 మొదలు 1906 వఱకు సాగిన నౌకాయాత్రలో ఆతడు కింగ్ విలియమ్ అను దీవియందు రెండు శీతకాలములు గడపెను. అచ్చట నెట్సిలిక్ అను ఇన్యూట్ జాతివారు నివసించుచుండిరి. వారికి పాఠశాలలు లేవు, గ్రంథములు లేవు. కాని చలిలో ఎట్లు బ్రదుకవలెనో వారికంటె బాగుగ ఎఱిగినవారు లోకమున లేరు. అముండ్‌సెన్ వారియొద్ద శిష్యుడై కూర్చుండెను. వారు దుప్పిజాతికి చెందిన మృగముల చర్మములతో రెండు అంగీలు తొడిగెడివారు. లోపలి అంగీకి వెండ్రుకలు ఒంటివైపునకును, పై అంగీకి వెండ్రుకలు బయటివైపునకును ఉండును. రెండును వదులుగా నుండుటచే నడుమ నిలిచిన గాలి వేడిని కాపాడును. చెమట ఆవిరియై వెలికిపోవును. బిగుతు దుస్తులు ధరించి చెమటపట్టువఱకు శ్రమించువాడు ఆగిన వెంటనే వణకిపోవునని వారు నేర్పిరి. కుక్కలను బండ్లకు పూన్చుటయు, మంచుదిమ్మలతో ఇల్లు కట్టుటయు ఆతడు వారియొద్దనే అభ్యసించెను. ఆ దినములలో అనేకులు ఆ జాతివారిని అనాగరికులని చులకన చేసెడివారు. అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడకుండుటయే అముండ్‌సెన్‌కు మేలు చేకూర్చెను.

1911 జనవరిలో ‘ఫ్రామ్’ అను ఓడ అముండ్‌సెన్‌ను, ఆతని అనుచరులను, నూఱుకు పైగా కుక్కలను అంటార్కిటికా తీరమునకు చేర్చెను. తీరమున వారొక కొయ్యయిల్లు నిలిపి దానికి ‘ఫ్రామ్‌హైమ్’ అని పేరిడిరి. ధ్రువమునకు పోవు కాలము ఇంకను తొమ్మిది నెలలు కలదు. ఆ తొమ్మిది నెలలలో వారు చేసిన పనులే ఈ యాత్రకు ప్రాణము.

మొదటి పని, దారిలో ఆహారమును నిలువచేయుట. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వఱకు వారు స్లెడ్జిలపై, అనగా చక్రములు లేని జారుడుబండ్లపై, దక్షిణ అక్షాంశము 80, 81, 82 డిగ్రీలయొద్ద సుమారు మూడు టన్నుల సామగ్రిని చేర్చిరి. కాని ఎటు చూచినను తెల్లగా నుండు ఆ మైదానమున ఆ నిలువలను తిరిగి కనుగొనుట ఎట్లు? మంచుపొగ క్రమ్మినచో పది బారల దూరములోని గుట్టయు కానరాదు. అందుచే 80వ డిగ్రీ నిలువకు తూర్పున పదియు పడమట పదియు జెండాలను, దారికి అడ్డముగా, సుమారు 900 మీటర్లకు ఒకటి చొప్పున నాటిరి. ప్రతి జెండాకును అంకె యుండెను. నిలువ ఏ దిక్కున, ఎంత దూరమున నున్నదో ఆ అంకె తెలుపును. బాటసారి దారితప్పి ప్రక్కకు పోయినను ఆ జెండాల వరుసలో నేదేని ఒకటి ఆతనికి అడ్డుపడును. తాము దారి తప్పుదుమని ముందే యెంచి చేసిన యేర్పాటిది.

ఏప్రిల్ చివర సూర్యుడు అస్తమించెను. ఆగస్టు చివరి వఱకు మరల ఉదయింపలేదు. ఆ నాలుగు నెలల చీకటిలో ఇంటిప్రక్కనే మంచులో గదులు తొలుచుకొని వారు పని చేసిరి. బ్యోలాండ్ అను వడ్రంగి స్లెడ్జిల కొయ్యను చిత్రిక పట్టి, బలము తగ్గకుండ వాని బరువును మూడవ వంతునకు దింపెను. విస్టింగ్ గుడారములు కుట్టి, వానికి అడుగుగుడ్డను కూడ కలిపి కుట్టెను. దానిచే క్రింది సందులనుండి గాలియు మంచును లోనికి చొరవు. గుడారములకు ముదురురంగు వేసిరి. తెల్లని నేలపై అవి దూరమునకు కానవచ్చును. వెలుగునకు అలసిన కన్నులకు లోపల విశ్రాంతి కలుగును. యోహాన్సెన్ ఆహారమును లెక్కించి పెట్టెలలో సందు లేకుండ పేర్చెను. ఆ పెట్టెలకు చిన్న గుండ్రని మూతలు పెట్టిరి. బండికి కట్టిన త్రాళ్లు విప్పకయే మూత తీసి ఆనాటి తిండి తీసికొనవచ్చును. చలిలో త్రాడు విప్పుట కొఱకు చేతితొడుగు తీసినచో వ్రేళ్లు పోవునని వారెఱుగుదురు. కిరసనాయిలు చలికి డబ్బాల మూతలనుండి కొంచెము కొంచెముగ జాఱిపోవునని అముండ్‌సెన్ మునుపు చూచియుండెను. అందుచే డబ్బాలను గట్టిగ మాటు వేయించెను. పాదరక్షలలో మేజోళ్లు పలు జతలు పట్టవలెను, వ్రేళ్లకు కదలికయు ఉండవలెను. అందుచే వానిని పలుమాఱులు విప్పి సవరించిరి. వంటవాడు లిండ్‌స్ట్రమ్ దినదినమును సీలుమాంసము వండిపెట్టెను. ఒక్కనికిని స్కర్వీ సోకలేదు.

ఇంత చేసినను అముండ్‌సెన్ ఒకమాఱు తొందరపడెను. అదే సమయమున ఇంగ్లండు దేశీయుడగు కెప్టెన్ రాబర్ట్ స్కాట్ కూడ ధ్రువమునకు పోవుటకై ఆ ఖండముననే వేఱొక తీరమున సిద్ధమగుచుండెను. ఆతడు ముందు చేరునేమో యను భయముచే, 1911 సెప్టెంబరు 8వ తేదీన, శీతకాలము తీఱకమునుపే, అముండ్‌సెన్ ఏడుగురితో బయలుదేఱెను. మూడు నాలుగు దినములలో చలి సున్నకు దిగువ 56 డిగ్రీలకు దిగెను. దిక్సూచులలోని ద్రవము గడ్డకట్టెను. కుక్కల పాదములు చితికెను. కొందఱి మడమలు చలికి మొద్దుబాఱెను. ముందునకు పోవుటయా, మరలుటయా? మరలినచో స్కాట్ గెలుచునేమో. ముందునకు పోయినచో ప్రాణములు దక్కవేమో. మనుష్యుల ప్రాణములు పణముగా పెట్టరాదని నిశ్చయించి, సామానును 80వ డిగ్రీ నిలువయందు దించి ఆతడు వెనుకకు మరలెను.

ఆ నిర్ణయము మెచ్చదగినది. కాని తిరుగుప్రయాణపు చివరి దినమున కట్టుబాటు తప్పెను. అముండ్‌సెన్ ముందుగా ఇల్లు చేరెను. మడమలు చెడిన ప్రెస్త్రూడ్ వెనుక మిగిలిపోయెను. యోహాన్సెన్ ఆతనికి తోడై నిలిచి, తినుటకు గాని వేడి చేసికొనుటకు గాని ఏమియు లేక, నడిరేయి దాటిన పిదప ఆతనిని ఇంటికి చేర్చెను. మఱునాడు యోహాన్సెన్ అందఱియెదుట నాయకుని నిందించెను. నాయకుడు కోపించి ఆతనిని ధ్రువయాత్రనుండి తొలగించెను. ఆ నిందలో న్యాయము లేకపోలేదు. చలిప్రయాణమున గుంపు వేగము బలహీనుని అడుగులనుబట్టి యుండవలెను.

అక్టోబరు మూడవ వారమున ఐదుగురు మనుష్యులు, నాలుగు స్లెడ్జిలు, 52 కుక్కలతో యాత్ర మరల మొదలయ్యెను. దారి పొడవున వారు మంచుదిమ్మలతో మనిషి యెత్తు గుఱుతుదిబ్బలు కట్టిరి. అట్టివి 150 వఱకు కలవు. ప్రతి దిబ్బలోను ఒక కాగితము నుంచిరి. ఆ దిబ్బ ఎచ్చట నున్నదో, వెనుకటి దిబ్బ ఏ దిక్కున నున్నదో అందు వ్రాయబడియుండెను. పోవునపుడు ఇట్టి పనికై ఆగుట కాలహరణమని తోచవచ్చును. కాని తిరిగి వచ్చునపుడు అదియే ప్రాణరక్షణము. ఈ లెక్కలో ఒక కఠినమైన అంశమును కలదు. ఎత్తైన పీఠభూమికి ఎక్కిన పిదప 24 కుక్కలను చంపి, వాని మాంసమును తక్కిన కుక్కలకును తమకును ఆహారముగ చేసికొనిరి. తమను లాగి తెచ్చిన మూగజీవులను చంపుట వారికిని దుఃఖకరముగనే యుండెను. ఆ విజయమునకు చెల్లిన మూల్యములో ఇదియు ఒకటి.

1911 డిసెంబరు 14వ తేదీన వారు దక్షిణధ్రువమును చేరిరి. అంతకుముందు మానవుడెవ్వడును అచ్చట అడుగిడలేదు. 1912 జనవరి 25వ తేదీన ఐదుగురును 11 కుక్కలతో క్షేమముగ ఫ్రామ్‌హైమ్ చేరిరి. రాకపోకలు కలిపి సుమారు 3,000 కిలోమీటర్లు. పట్టిన దినములు 99.

స్కాట్ కథ వేఱుగ ముగిసెను. ఆతడు ధైర్యమున గాని దీక్షలో గాని ఎవ్వరికిని తీసిపోడు. ఆతని బృందము చేసిన శాస్త్రపరిశోధన అముండ్‌సెన్ బృందము చేసినదానికంటె మిక్కిలి పెద్దది. కాని ఆతని యేర్పాట్లలో కొన్ని సందులు మిగిలియుండెను. 1911 ఫిబ్రవరిలో ముఖ్యమైన నిలువను 80వ డిగ్రీయొద్ద ఉంచదలచి బయలుదేఱగా, సామాను మోయు పొట్టిగుఱ్ఱములు చలికి నీరసించెను. వానిని ఇంకను నడిపించి, అవసరమైనచో చంపుదమని ఓట్స్ అనునాతడు చెప్పెను. ఆ జీవులను బాధింపజాలక స్కాట్ 50 కిలోమీటర్లకు పైగా ఇవతలనే నిలువను దించెను. పిమ్మట ధ్రువమునకు పోవు తుదిబృందమును నలుగురని యెంచి, చివరి గడియలో ఐదవవానిని చేర్చెను. నలుగురికి కూర్చిన తిండిని, గుడారమును ఐదుగురు పంచుకొనవలసివచ్చెను. నిలువలలోని కిరసనాయిలు డబ్బాల మూతలనుండి జాఱి తగ్గిపోయెను. మంచును కరగించి నీరు చేసికొనుటకును ఆ నూనెయే ఆధారము.

1912 జనవరి 17వ తేదీన వారు ధ్రువమును చేరి, అచ్చట నార్వే జెండాను చూచిరి. తిరుగుదారిలో ఎడ్గర్ ఎవాన్స్ మరణించెను. ఓట్స్ పాదములు చలికి చెడి నడువలేకపోయెను. తనవలన తోడివారు ఆలస్యమై చత్తురని యెంచి, మార్చినెలలో ఒకనాడు గుడారము విడిచి మంచుతుపానులోనికి నడచిపోయెను. స్కాట్, విల్సన్, బవర్స్ అను మువ్వురు ఆ ముఖ్యమైన నిలువకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున తుపానుచే నిలిచిపోయిరి. వారచ్చటనే మరణించిరి. స్కాట్ దినచర్యలో చివరి తేదీ మార్చి 29. మొదట తలచినట్లు 80వ డిగ్రీయొద్ద ఉంచియున్నచో వారు ఆ నిలువను ముందే చేరియుందురు. గుఱ్ఱములపై చూపిన దయ నిందింపదగినది కాదు. కాని ఆ దయకు తగినట్లు లెక్కను మరల సరిచూచుకొని, వేఱొక నిలువను ముందునకు చేర్చియుండవలసినది.

నవంబరులో వెదకబోయినవారికి ఆ గుడారముయొద్ద 16 కిలోగ్రాముల శిలలు కనబడెను. ప్రాణములు పోవుచున్నను వారు వానిని విడువలేదు. అందు గ్లోసోప్టెరిస్ అను ప్రాచీనవృక్షపు ఆకుల ముద్రలు కలవు. మన గోదావరిలోయలోని బొగ్గుపొరలయందును అట్టి ముద్రలే కానవచ్చును. ఆ మంచుఖండమును భారతభూమియు ఒకప్పుడు కలిసియుండెననుటకు అట్టి శిలలు సాక్ష్యములు. వాని వలన లోకమునకు జ్ఞానము కలిగెను. కాని వానిని తెచ్చినవారు ఇల్లు చేరలేదు.

1981వ సంవత్సరమున భారతదేశపు తొలి అంటార్కిటికా యాత్రికులు బయలుదేఱిరి. నేడు మైత్రి, భారతి అను మన పరిశోధనకేంద్రములు అచ్చట పని చేయుచున్నవి. అచ్చటికి పోవు శాస్త్రజ్ఞులకు ముందుగా వైద్యపరీక్షలు జరుపుదురు. హిమాలయములలోని ఔలీయందు మంచుపై నడచుటలోను, గుడారమున నివసించుటలోను శిక్షణ నిత్తురు. వేడినేలనుండి పోవువారు చలిని ఇంటియొద్దనే నేర్చుకొని పోవుచున్నారు.

ధ్రువమునకు పోనివారికిని ఈ నియమములు పనికివచ్చును. హిమాలయ క్షేత్రములకు పోవు తెలుగు యాత్రికుడు ఒక్క మందపు దుప్పటికి బదులు పలుచని ఉన్నిబట్టలు రెండు మూడు పొరలుగ ధరింపవలెను. తడిసిన మేజోళ్లను వెంటనే మార్చుకొనవలెను. ఒక పూట తిండిని అదనముగ దాచుకొనవలెను. పోవు దారిని, తిరిగి వచ్చు దినమును ఇంటివారికి చెప్పిపోవలెను. పుష్యమాసపు తెల్లవాఱుజామున దారి కానరాని పొగమంచులో బండి నడుపువాడు, పని చెడునని తొందరపడక, మంచు విడుదాక దారికి దూరముగ ఆగవలెను. సెప్టెంబరు చలిలో వెనుకకు మరలినవాడే డిసెంబరులో ధ్రువమును చేరగలిగెను.

ప్రశ్నలు

1. హార్డంగర్ పీఠభూమిపై అముండ్‌సెన్ నేర్చిన పాఠమేమి?
2. నెట్సిలిక్ జాతివారి దుస్తులు చలిని ఎట్లు ఆపును?
3. నిలువకు ఇరువైపుల జెండాలు నాటుటలోని ఉద్దేశమును వివరింపుము.
4. గుఱ్ఱముల విషయమున స్కాట్ చేసిన నిర్ణయమును గూర్చి నీ అభిప్రాయమును వ్రాయుము.